నిరాశా ధ్రువీకరణ పత్రం

వేదాద్రి సార్ పోయింది గురువారం తెల్లవారుజామున. బుధవారం మధ్యాహ్నం దాకా ఆయన బి.ఏ. రెండో ఏడు పిల్లలకు స్థూల అర్థశాస్త్రం చెబుతూనే ఉన్నారు. పాఠం నిరుద్యోగిత దాకా వచ్చింది. "పని కావాలని వెతుకుతూ, దొరకనివాడే నిరుద్యోగి. వెతకడం మానేసినవాడు శ్రామిక శక్తి లెక్కలోకే రాడు. కాబట్టి అతను నిరుద్యోగి కాడు," అని చెప్పి, చేతికంటిన సుద్దపొడి దులుపుకున్నారు.

మూడో బెంచీలోంచి కోటేశ్వరి లేచింది.

"మరి వాళ్ళేమవుతారు సార్? మానుకున్నోళ్ళు."

అడగ్గానే జవాబు చెప్పే మనిషి కాదాయన. కళ్ళజోడు తీసి పంచె అంచుతో తుడుచుకున్నారు. ఈలోగా బెల్లు కొట్టారు. "బెల్లు మోగుతుండగా చెప్పే జవాబు కాదమ్మా ఇది. రేపు తీరిగ్గా మాట్లాడుకుందాం," అన్నారు.

కోటేశ్వరి ఊరికే అడిగిన ప్రశ్న కాదది. వాళ్ళ నాన్న యోగయ్య పలకల ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. ఒకప్పుడు ఆ ఊరి పలకలు దేశమంతా వెళ్ళేవి. బడిపిల్లలు పలకలు వదిలేశాక ఫ్యాక్టరీ మూతపడింది. యోగయ్య కొన్నాళ్ళు పని కోసం తిరిగాడు. తర్వాత తిరగడం మానేశాడు. ఇప్పుడు వసారాలో కూర్చుని వచ్చేపోయే ఆటోలను చూస్తుంటాడు. అతను ఏ లెక్కలో ఉన్నాడో కోటేశ్వరికి తెలుసుకోవాలని ఉంది. చెప్పాల్సిన మనిషి మర్నాడు పొద్దుటికి లేడు.

శుక్రవారం కాలేజీలో సంతాప సభ జరిగింది. రెండు నిమిషాల మౌనంలో ఒక నిమిషం మైకు సర్దడానికే పోయింది. ప్రిన్సిపాల్ డాక్టర్ మార్కండేయ ప్రసాద్ గారు గంభీరమైన మనిషి. దగ్గినా అధ్యక్షోపన్యాసం మొదలైనట్టుంటుంది.

"కీర్తిశేషులు వేదాద్రిగారి మరణం ఈ విద్యాసంస్థకు తీరని లోటు. తీరని లోటును తీర్చబూనడం ఆ మహనీయుని స్మృతికి అగౌరవం. కనుక ఆయన ఉద్యోగాన్ని భర్తీ చేయరాదని యాజమాన్యం బరువెక్కిన హృదయంతో తీర్మానించింది," అన్నారాయన.

స్టాఫంతా తలలు వంచుకున్నారు. వెనక వరసలో కూర్చున్న అంకమ్మరావు అనే కుర్రాడు, "మా తాత పోయినప్పుడు కూడా మా బాబాయి ఇట్టాగే అన్నాడు, ఆయన మంచం ఎవురూ ఎక్కకూడదని. తర్వాత ఆయనే పడుకున్నాడు," అని గొణిగాడు. కోటేశ్వరికి నవ్వు రాలేదు. వచ్చి ఉంటే బాగుండుననిపించింది.

స్థూల అర్థశాస్త్రం పాఠాలు జంతుశాస్త్రం లెక్చరర్ పానకాలరావు గారికి అప్పగించారు. కారణం ఆయనకు తీరిక ఉండటం. జంతుశాస్త్రంలో ఆ ఏడు చేరిన పిల్లలకంటే ల్యాబు సీసాల్లో ఉన్న పాములే ఎక్కువ. పానకాలరావు మెత్తటి మనిషి. ఏ పని చెప్పినా కాదనలేడు. మొదటి రోజు క్లాసుకొచ్చి, కప్ప జీర్ణవ్యవస్థ పటం గోడకు తగిలించి, "దేశం కూడా ఒక జీవే. ఇటు ఆదాయం లోపలికి పోతుంది, అటు ఖర్చు బయటికొస్తుంది. తక్కినది మీరు చదువుకోండి," అన్నారు. రెండో రోజు అటెండెన్సు తీసుకుని వెళ్ళిపోయారు.

పరీక్ష అరవైమంది రాశారు. గైడు బట్టీ పట్టిన నలుగురు పాసయ్యారు. కోటేశ్వరి వేదాద్రి సార్ చెప్పినంతవరకూ రాసింది. చెప్పనిది తెలిసినట్టు రాయడానికి చెయ్యి రాలేదు. ఫెయిలైంది.

ఆ ఏడే కాలేజీకి స్వయంప్రతిపత్తి వచ్చింది. అంటే పరీక్ష పెట్టేదీ, దిద్దేదీ, సర్టిఫికెట్ ఇచ్చేదీ అన్నీ కాలేజీయే. పిల్లలు ఫెయిలైతే తిట్టుకోవడానికి యూనివర్సిటీ కూడా లేకుండా పోయింది. పైగా కాలేజీకి గ్రేడు ఇవ్వడానికి పైనుంచి కమిటీ వస్తున్నట్టు ఉత్తరం వచ్చింది. ప్రిన్సిపాల్ గారు అత్యవసర సమావేశం పిలిచారు.

"అనుత్తీర్ణతా శాతాన్ని గౌరవప్రదమైన స్థాయికి తేవడానికి సలహాలు ఆహ్వానిస్తున్నాను," అన్నారు.

"ప్రత్యేకంగా క్లాసులు పెడితే..." అని తెలుగు మేడం మొదలుపెట్టారు.

"అది దీర్ఘకాలిక చర్య. కమిటీ స్వల్పకాలంలో వస్తోంది."

తన మీదకు ఎక్కడ వస్తుందోనని పానకాలరావు పాఠ్యపుస్తకం తెరిచి, తానూ కష్టపడుతున్నానని తెలిసేలా నాలుగు వాక్యాలు పైకి చదివారు. వెతకడం మానేసినవాడు నిరుద్యోగి కాడన్న వాక్యం దగ్గరికి వచ్చేసరికి ప్రిన్సిపాల్ గారు చెయ్యెత్తారు.

"ఆ వాక్యం మళ్ళీ చదవండి."

పానకాలరావు చదివారు.

"ఇది నిజమేనా? దేశాలు ఇలాగే లెక్కపెడతాయా?"

"పుస్తకంలో అయితే అట్టాగే ఉంది సార్."

ప్రిన్సిపాల్ గారు కుర్చీలో వెనక్కి వాలారు. ముఖంలో దీపం వెలిగినట్టయింది. "ఇంత కాలం మనం ఈ శాస్త్రాన్ని పిల్లలకు చెప్పాం గానీ, మనం నేర్చుకోలేదు. దేశానికి పనికొచ్చిన సూత్రం కళాశాలకు పనికిరాదా?" అన్నారు.

మర్నాడు నోటీసు బోర్డులో సర్క్యులర్ పడింది.

"ఇందుమూలముగా సమస్త విద్యార్థినీ విద్యార్థులకు తెలియజేయునది ఏమనగా, ఇకపై అనుత్తీర్ణులు అనగా ఉత్తీర్ణులు కావలెనని క్రియాశీలముగా ప్రయత్నించుచు, కాలేకపోయినవారు మాత్రమే. ప్రయత్నము మానుకొన్నవారు ఉత్తీర్ణతా శక్తికి వెలుపల ఉన్నవారుగా పరిగణింపబడుదురు. వారిని అనుత్తీర్ణులని పిలుచుట, పిలిపించుట, లోలోపల భావించుట క్రమశిక్షణా చర్యకు అర్హము. ప్రయత్నము మానుకొన్నవారు నిరాశా ధ్రువీకరణ పత్రమును గజిటెడ్ అధికారి సంతకముతో సమర్పించి, పరీక్షా బాధ్యతల నుండి గౌరవప్రద విముక్తి పట్టాను పొందవలెను."

పట్టాకు బంగారు రంగు అంచు ఉంటుందని ఆఫీసులో చెప్పారు. డిగ్రీ సర్టిఫికెట్‌కి ఆ అంచు లేదు. దాంతో ఊళ్ళో తల్లిదండ్రులు కూడా సంతోషించారు.

పట్టా కోసం ఆఫీసు కిటికీ ముందు పెద్ద వరస కట్టారు. అంకమ్మరావు తెల్లవారకముందే వచ్చి అందరికంటే ముందు నిలబడ్డాడు. గుమాస్తా అతని కాగితం తీసుకుని పైనుంచి కిందిదాకా చూశాడు.

"ఎప్పట్నుంచి నిలబడ్డావు?"

"కోడి కూయకముందే వచ్చాను సార్."

"ఆశ లేనోడు కోడి కూయకముందు లేచొస్తాడా?"

"పట్టా వస్తదని ఆశ సార్."

"అదే అంటున్నా. ఆశ ఉంది. ప్రయత్నం ఉంది. వరసలో కూడా ఫస్టు. నీకివ్వడానికి రూలు ఒప్పుకోదు. ఇంటికి పోయి పడుకో. నువ్వు లేవడం లేదని మీవాళ్ళు చెప్పాక మేమే పంపిస్తాం."

వరసలో ఉన్నవాళ్ళంతా ఆ మాట విని ఒక్కొక్కరే జారుకున్నారు. అందరికంటే వెనక వచ్చినవాడికి, అసలు రానివాళ్ళకు పట్టాలు ముందుగా అందాయి. అంకమ్మరావు మూడు వారాలు మంచం దిగకుండా ఉండి సాధించుకున్నాడు. అతను జీవితంలో అంత పట్టుదలగా చేసిన పని మరొకటి లేదని వాళ్ళమ్మ వీధంతా చెప్పుకుంది.

తరువాత ప్రయత్న నిరోధక కమిటీ ఏర్పడింది. క్లాసుకు రావడం ప్రయత్నానికి మొదటి ఆధారమని కమిటీ తేల్చింది. రెండోది లైబ్రరీకి పోవడం. లైబ్రరీకి తాళం వేశారు. స్థూల అర్థశాస్త్ర పరిచయం అనే పాఠ్యపుస్తకం కాపీలన్నీ తీసుకెళ్ళి కెమిస్ట్రీ ల్యాబులో ఆసిడ్ సీసాలుండే బీరువాలో పెట్టారు. బీరువా మీద అప్పటికే "ప్రమాదం" అని రాసి ఉండటం వల్ల కొత్త బోర్డు ఖర్చు తప్పింది.

కోటేశ్వరి దగ్గర మాత్రం సొంత పుస్తకం ఉంది. ఆమె రోజూ వచ్చి ఖాళీ క్లాసులో మూడో బెంచీలో కూర్చుని చదువుకునేది. సార్ నిలబడే బల్ల అవతల ఎవరూ లేరు. మొదట్లో ఆమె అటు చూడకుండా ఉండటానికి ప్రయత్నించింది. తర్వాత చూడటం అలవాటు చేసుకుంది.

లెక్క తేలే రోజు వచ్చింది. తక్కిన క్లాసులవాళ్ళంతా పట్టాలు తీసుకుని వెళ్ళిపోయారు. ఉత్తీర్ణతా శక్తిలో మిగిలింది అయిదుగురు. పాసైన నలుగురు, కోటేశ్వరి. అంటే అనుత్తీర్ణత నూటికి ఇరవై. ప్రిన్సిపాల్ గారు స్వీట్లు తెప్పించారు. అందరూ మైసూర్‌పాకు తింటుండగా లెక్కల లెక్చరర్ ఆగి, "సార్, పాసైన నలుగురూ ఇంకా పాసవ్వాలని ప్రయత్నిస్తున్నారా?" అని అడిగాడు.

"పాసైపోయారు కదా, ఇంకెందుకు ప్రయత్నిస్తారు?"

"అయితే మన నిర్వచనం ప్రకారం వాళ్ళు కూడా వెలుపలివాళ్ళే సార్."

ప్రిన్సిపాల్ గారు న్యాయానికి కట్టుబడిన మనిషి. సొంత సర్క్యులర్‌ను కాదనలేకపోయారు. నలుగురినీ తీసేశారు. ఉత్తీర్ణతా శక్తిలో ఒకరు మిగిలారు. ఆ ఒకరూ ఫెయిలయ్యారు.

"నూటికి నూరు," అన్నాడు లెక్కల లెక్చరర్, మైసూర్‌పాకు పళ్ళెంలో పెట్టేసి. "ఇంత శాతం రాష్ట్రంలో మరో కాలేజీకి ఉన్నట్టు నేను వినలేదు సార్."

కోటేశ్వరిని పిలిపించారు. ప్రిన్సిపాల్ గారు ఆమెను కుర్చీలో కూర్చోమన్నారు. ఆ గదిలో విద్యార్థులు కూర్చోవడం అంతకుముందు జరగలేదు.

"చూడమ్మా, ఈ సంస్థ ప్రతిష్ఠ సంపూర్ణంగా నీ భుజస్కంధాల మీద ఉంది. నువ్వు నిరాశ చెందాలి."

"నాకు పాసవ్వాలని ఉంది సార్."

"అదే మా ఆవేదన. ఎందుకు అంత పట్టుదల? తోటి విద్యార్థులు ఎంత చక్కగా సహకరించారు."

కోటేశ్వరి చేతులవైపు చూసుకుంది. "వేదాద్రి సార్ సగంలో ఆపారు సార్. మిగతా సగం నేను చదువుకోవాలి," అంది.

ప్రిన్సిపాల్ గారు సానుభూతితో తలపంకించారు. "శోకం సహజం. కానీ శోకంలో ఉన్నవాళ్ళు చదువు మానేస్తారు గదమ్మా సాధారణంగా. నువ్వు సంప్రదాయాన్ని కూడా పాటించడం లేదు," అన్నారు.

పానకాలరావు గదిలో ఓ మూల నిలబడి ఉన్నారు. ఆయన గొంతు సవరించుకుని, "సార్, ఆ అమ్మాయికి పాఠం చెప్పి పాస్ చేయిస్తే ఎట్టా ఉంటది?" అన్నారు.

ప్రిన్సిపాల్ గారు దాన్ని కొట్టిపారేయలేదు. పద్ధతిగా పరిశీలించారు. పాఠం చెప్పాలంటే అర్థశాస్త్రం లెక్చరర్ కావాలి. లెక్చరర్ కావాలంటే ఖాళీ ఉండాలి. ఖాళీ అంటే మనిషి కోసం వెతుకుతున్న ఉద్యోగం. కాలేజీ వెతకడం మానేసింది. కాబట్టి ఖాళీ లేదు. "శాస్త్రం మనకు రెండు వైపులా వర్తిస్తుంది పానకాలరావు గారూ," అన్నారాయన బాధగా.

ఆ ఆదివారం కాలేజీ జీపు కోటేశ్వరి ఇంటిముందు ఆగింది. వాళ్ళమ్మ పొగాకు గ్రేడింగు పనికి పోయింది. యోగయ్య వసారాలోనే ఉన్నాడు. ప్రిన్సిపాల్ గారిని చూసి లేచి, పక్కింటి నుంచి కుర్చీలు తెచ్చి వేశాడు.

"యోగయ్యగారూ, మీరు ఈ రంగంలో అనుభవజ్ఞులని విన్నాం."

"ఏ రంగమండీ?"

"ప్రయత్నం మానుకోవడంలో. మీ అమ్మాయికి మా వల్ల సాధ్యం కావడం లేదు. మీరు ఏ పద్ధతిలో మానుకున్నారో కాస్త వివరిస్తే, తండ్రి మాటగా ఆమె ఆలకిస్తుంది."

కోటేశ్వరికి ముఖం మండిపోయింది. గుమ్మం పట్టుకుని నిలబడింది. యోగయ్య మాత్రం కోపం తెచ్చుకోలేదు. అతన్ని ఎవరైనా ఏదైనా అడిగి చాలా కాలమైంది. నిజంగానే ఆలోచించాడు.

"మానుకోవాలని మానుకోలేదండీ. రోజూ పొద్దున్నే చెప్పులేసుకుని పోయేవోణ్ణి. రాళ్ళ క్వారీలకాడికి, గోడౌన్లకాడికి. ఒకరోజు లేచినా, చెప్పులేసుకోలా. ఆ మర్నాడూ ఏసుకోలా. అంతేనండీ. మానుకున్నానని నాక్కూడా తర్వాతే తెలిసింది."

వీధిలో ఆటో ఒకటి వెళ్ళింది. ప్రిన్సిపాల్ గారు పానకాలరావు వైపు తిరిగి, "చెప్పులు. రాసుకోండి," అన్నారు.

జీపు వెళ్ళిపోయాక యోగయ్య కుర్చీలు తిరిగిచ్చి వచ్చాడు.

"రేపు పోతావా కాలేజీకి?"

"పోతా నాన్నా."

"పో."

సోమవారం కాలేజీ గేటు దగ్గర కొత్త బోర్డు ఉంది. పాదరక్షలు ధరించి లోనికి ప్రవేశించరాదు. ప్రయత్నానికి చెప్పులే మూలమని క్షేత్రస్థాయి అధ్యయనంలో తేలినట్టు కింద చిన్న అక్షరాల్లో రాశారు. కోటేశ్వరి చెప్పులు విడిచి, కంకర మీద కాళ్ళు ఏరి ఏరి వేసుకుంటూ వెళ్ళి మూడో బెంచీలో కూర్చుంది.

అప్పుడు ప్రిన్సిపాల్ గారు ఆఖరి అస్త్రం తీశారు. పానకాలరావును పిలిచి, "మీరు రోజూ ఆమెకు క్లాసు తీసుకోండి. ఈ శాస్త్రం తనవల్ల కాదని ఆమెకు నమ్మకం కలగాలి. దీన్ని నిరుత్సాహ బోధన అందాం. మీకు సహజంగానే అబ్బిన విద్య," అన్నారు. పానకాలరావుకు అది పొగడ్తో కాదో తెలియలేదు. సరేనన్నారు.

ఆయన వెళ్ళి కోటేశ్వరి ఎదురుగా కూర్చుని నాలుగో యూనిట్ తెరిచారు.

"దీన్ని గుణకం అంటారు. ఇది నీకు అర్థం కాదు."

"ఎందుకు కాదు సార్?"

"ఎందుకు కాదో చెప్పాలంటే ముందు ఇదేందో చెప్పాలమ్మా. అది నేనింకా చదవలేదు. రేపు చెబుతా," అని లేచిపోయారు.

ఆ 'రేపు' అన్న మాటకు కోటేశ్వరి ఉలిక్కిపడింది. రాత్రంతా నిద్ర పట్టలేదు. కానీ పానకాలరావు మర్నాడు వచ్చారు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ఇది చాలా కష్టం. ఎంత కష్టమో చూడు. మీ పలకల ఫ్యాక్టరీ మూసేశారా? పనివాళ్ళు టీ తాగడం మానేస్తారు. టీకొట్టువాడు పాలు తగ్గిస్తాడు. పాలవాడు తవుడు కొనడం తగ్గిస్తాడు. ఆఖరికి గేదె బక్కచిక్కుతుంది. గేదెకు ఫ్యాక్టరీ ఉన్న సంగతే తెలీదు. మూసింది ఒక్కటి, చిక్కినవి ఎన్నో. ఇదంతా ఎవరికి అర్థమవుతుంది చెప్పు?"

"నాకయింది సార్."

"అయిందా?" పానకాలరావు ముఖం వాడిపోయింది. "ఎట్టా అయింది?"

"మా వీధి చివర టీకొట్టు అట్టాగే మూసేశారు సార్. ఇది తిరగేసి కూడా జరగొచ్చా? ఒకటి తెరిస్తే అన్నీ లేస్తాయా?"

"ఆగు, ఆగు. అది ఇంకా కష్టం. అది ఎందుకు కష్టమో చూసి వస్తా."

ఇలా రోజులు గడిచాయి. పాఠం ఎంత కష్టమో నిరూపించడం కోసం ఆయన పాఠం చదవాల్సి వచ్చింది. చదివింది చెప్పాల్సి వచ్చింది. వారం వారం ప్రిన్సిపాల్ గారికి నివేదిక పంపేవారు: "విద్యార్థిని నిరాశ చెందుటలో ఆశించిన పురోగతి కానరాలేదు. ద్రవ్యోల్బణముపై ఆశలు పెట్టుకొనియున్నాము." ద్రవ్యోల్బణం కూడా ఆమెకు అర్థమైంది. కందిపప్పు ధర చెప్పి ఆయన ఆమెను భయపెట్టబోయారు. ఆమె అంతకంటే రెండు రూపాయలు ఎక్కువున్న కొత్త ధర చెప్పింది.

ఒక మధ్యాహ్నం, పుస్తకం మూశాక, కోటేశ్వరి ఆయన్ను ఆ ప్రశ్న అడిగింది. వెతకడం మానుకున్నవాళ్ళు ఏమవుతారని.

పానకాలరావు పుస్తకం తిరగేశారు. దొరకలేదు. "అర్థశాస్త్రంలో వాళ్ళకి గడి ఉన్నట్టు లేదమ్మా. మా శాస్త్రంలో చెప్పమంటే చెబుతా. ఎండాకాలం చెరువులెండితే కప్పలు బురదలోకి పోతాయి. తిండి వెతకవు. కదలవు. ఊపిరి తీస్తున్నట్టు కూడా తెలీదు. చూసినోళ్ళు ఇక్కడ కప్పలు లేవనుకుంటారు. మేం మాత్రం లేవని రాయం. ఉన్నాయనే రాస్తాం."

"వాన పడకపోతే సార్?"

ఆయన పుస్తకం బల్ల మీద పెట్టారు. "అప్పుడు కూడా ముందు తవ్వి చూడాలి కదమ్మా," అన్నారు.

కోటేశ్వరి ఆ సాయంత్రం గేటు దాటాక చెప్పులు వేసుకోవడం మరచిపోయి సగం దూరం నడిచింది. వేదాద్రి సార్ అయితే ఈ మాట అనేవారు కాదు. ఇంకేదో అనేవారు. అదేమిటో ఇక తెలియదు. తెలియదన్న సంగతి ఆమెకు ఆ రోజు సరిగ్గా తెలిసింది.

గ్రేడు ఇచ్చే కమిటీ రావడమూ, సప్లిమెంటరీ పరీక్షా ఒకే రోజున పడ్డాయి. పరీక్ష వాయిదా వేయడానికి ప్రిన్సిపాల్ గారు రూలు పుస్తకం తిరగేశారు గానీ వీలు చిక్కలేదు. కనీసం ఆ ఒక్క పిల్లను కమిటీ కంటబడకుండా చూడాలని, పరీక్షను పెరట్లో ఉన్న పాత సైకిల్ షెడ్డుకు మార్చారు. ఆమె బయటికి రాకుండా కాపలా ఉండమని స్టాఫందరినీ అక్కడికే పంపారు. వేరే పని లేకపోవడంతో అందరూ వెళ్ళారు.

కమిటీ తరఫున ముగ్గురు వచ్చారు. పెద్దాయన సోమయాజులు గారనే రిటైరైన ప్రొఫెసర్. గేటు దగ్గర బోర్డు చూసి ఆయనే ముందుగా బూట్లు విప్పారు. ఆవరణలో ఒక్క పిల్లవాడు లేడు. కేక లేదు, గోల లేదు. కారిడార్లలో పావురాలు నడుస్తున్నాయి.

"ఎంత ప్రశాంతత," అన్నారు సోమయాజులు గారు.

ప్రిన్సిపాల్ గారు తొందరగా ముందుకొచ్చారు. "భవనాలు చూద్దాం సార్, ఇటు," అని దారి మళ్ళించబోయారు. కానీ కమిటీలో ఒకాయనకు షుగరు. బాత్రూం వెతుక్కుంటూ పెరట్లోకి వెళ్ళి, తిరిగి వచ్చి, తక్కిన ఇద్దరి చెవిలో ఏదో చెప్పాడు. ముగ్గురూ షెడ్డు వైపు నడిచారు.

రేకుల షెడ్డు కింద ఒక బల్ల. బల్ల దగ్గర ఒక అమ్మాయి, ఒట్టి కాళ్ళతో, తల ఎత్తకుండా రాసుకుంటోంది. ఆమె చుట్టూ నలభైరెండుమంది లెక్చరర్లు నిశ్శబ్దంగా నిలబడి ఉన్నారు. పానకాలరావు మాత్రం కాస్త ముందుకు వంగి ఆమె కలం వైపు చూస్తున్నారు. ఆయన పెదవులు కదులుతున్నాయి.

సోమయాజులు గారు గొంతు తగ్గించి అడిగారు. "ఎంతమంది విద్యార్థులు?"

"ఒకరు సార్," అన్నారు ప్రిన్సిపాల్ గారు, ఇక దాచలేక.

"అధ్యాపకులు?"

"నలభైరెండు."

సోమయాజులు గారి కళ్ళు చెమర్చాయి. "ముప్ఫై ఏళ్ళుగా కాలేజీలు చూస్తున్నాను. ఎనభైమందికి ఒక మాస్టారు, నూటికి ఒక మాస్టారు. ఒక శిష్యురాలికి నలభైరెండుమంది గురువులా? పైగా చెట్టూ చేమల మధ్య, పాదరక్షలు లేకుండా. మన గురుకులం మళ్ళీ పుట్టిందండీ."

ప్రిన్సిపాల్ గారు ఒక్క క్షణం తడబడ్డారు. తరువాత దగ్గారు. "ఇది మా సంస్థ దార్శనికత సార్," అన్నారు.

కోటేశ్వరికి ఇదేదీ వినపడలేదు. ఆఖరి ప్రశ్న దగ్గరుంది. నిరుద్యోగితను నిర్వచించి, ఆ నిర్వచనాన్ని విమర్శించండి. మొదటి సగం వేదాద్రి సార్ చెప్పిన మాటల్లోనే, ఒక్క మాట మారకుండా రాసింది. రెండో సగం దగ్గర కలం ఆగింది. ఇక్కడ సార్ ఏమనేవారో ఊహించి రాయొచ్చు. రాస్తే బాగానే ఉంటుంది. కానీ ఆయన అనని మాట ఆయన పేరుకు అంటగట్టడం ఆమెకు ఇష్టం లేకపోయింది. తన నాన్న గురించి తనకు తెలిసింది రాసింది. మూడు పేజీలయింది. పేపరుకు దారం కట్టి పానకాలరావు చేతికిచ్చింది.

కాలేజీకి అన్నిటికంటే పై గ్రేడు వచ్చింది. ఊరంతా ఫ్లెక్సీలు కట్టారు. ఫ్లెక్సీలో ప్రిన్సిపాల్ గారు చెప్పులు లేకుండా నిలబడి ఉన్నారు. అభినందన సభ అయిన మర్నాడు లెక్కల లెక్చరర్ మళ్ళీ ఒక సందేహం పట్టుకొచ్చాడు.

"సార్, ఆ అమ్మాయి పాసైతే వెళ్ళిపోతుంది కదా. అప్పుడు మన దగ్గర విద్యార్థులు సున్నా. నలభైరెండుని సున్నాతో భాగించడానికి లెక్కల్లో వీల్లేదు సార్. గ్రేడు మూడేళ్ళదాకా నిలబడాలి."

ప్రిన్సిపాల్ గారు పానకాలరావును పిలిపించారు. ఆయన అప్పటికే ఎర్ర పెన్ను జేబులో పెట్టుకుని, పేపరు చంకలో పెట్టుకుని ఉన్నారు.

"నేను ఈ రాత్రే దిద్దేస్తాను సార్. ఒకసారి పైపైన చూశా. పాసవడమేంది సార్, నాకు తెలీనివి కూడా రాసింది."

"మీ ఉత్సాహం అభినందనీయం. కానీ అర్థశాస్త్రం పేపరును జంతుశాస్త్రం వారు దిద్దడం నిబంధనలకు విరుద్ధం. దానికి అర్థశాస్త్రం లెక్చరరే కావాలి. ఆ ఖాళీ ప్రస్తుతం మన దగ్గర లేదు," అని ఆయన చెయ్యి చాచారు.

పానకాలరావు వెంటనే ఇవ్వలేదు. ఆయన జీవితంలో పై అధికారి చాచిన చేతిని అంతసేపు ఖాళీగా ఉంచడం అదే మొదలు. చివరికి ఇచ్చారు. పేపరును సీలు వేసి ఇనప్పెట్టెలో పెట్టారు.

కోటేశ్వరి వారానికోసారి ఆఫీసు కిటికీ దగ్గరికి వెళ్ళి అడుగుతుంది. గుమాస్తా ఆమెను చూడగానే మర్యాదగా లేచి నిలబడతాడు. ఇప్పుడు ఆ కాలేజీకి ఉన్నది ఆమె ఒక్కతే. "నీకేం తక్కువ చేశామమ్మా, ఉండరాదా," అంటాడు. యోగయ్య ఒకసారి తోడుగా గేటు దాకా వచ్చాడు. "ఎన్నాళ్ళడుగుతావు?" అని అడిగాడు. "దిద్దేదాకా," అంది.

పానకాలరావు రెండుసార్లు అర్జీ పెట్టారు, తనను అర్థశాస్త్రం ప్రైవేటుగా చదవనివ్వమని. దాని మీద నిర్ణయం రాలేదు. పేపరు కూడా ఇంకా ఎవరూ దిద్దలేదు.